ఫిజిక్స్ లెక్క చేయడం ఎలా: సూత్రాలు, యూనిట్ల మార్పిడి, మన గోదావరి ఉదాహరణలతో

ఏటా జూలై, ఆగస్టు వచ్చిందంటే డెల్టాలో చిన్నపిల్లల నోట కూడా క్యూసెక్కుల మాటే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంక గ్రామాల వాళ్ళు ఆ అంకెలు వినే సామాన్లు సర్దుకుంటారు. అదే ఊళ్ళో పదో తరగతి చదివే పిల్లవాణ్ణి "క్యూసెక్కు అంటే సెకనుకి ఎన్ని లీటర్లు?" అని అడగండి, టెన్షన్ పడిపోతాడు. నిజానికి అందులో ఒక్క గుణకారం కన్నా ఎక్కువ లేదు.

క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. ఒక అడుగు 0.3048 మీటర్లు. 0.3048 × 0.3048 × 0.3048 చేస్తే 0.0283 ఘనపు మీటర్లు, అంటే 28.3 లీటర్లు. కాబట్టి 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి 28,300 ఘనపు మీటర్లు. ఇంకా ఊహకి అందాలంటే, అయిదడుగుల లోతున్న ఎకరం చెరువు తీసుకోండి. ఎకరానికి 43,560 చదరపుటడుగులు, అయిదుతో గుణిస్తే 2,17,800 ఘనపుటడుగులు. మొదటి హెచ్చరిక రోజున బ్యారేజీ దాటే నీళ్ళు అలాంటి చెరువుల్ని సెకనుకి నాలుగున్నర నింపేస్తాయి.

ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. యూనిట్‌ని జవాబు చివర మొక్కుబడిగా రాసేదిగా చూడకండి. అంకెతో పాటు ప్రతి వరుసలోనూ దాన్ని వెంట తీసుకెళ్ళండి, కొట్టివేయాల్సిన చోట కొట్టివేయండి. సూత్రం తప్పు వాడినా, ఒక మార్పిడి మర్చిపోయినా, యూనిట్ ముందే పట్టి ఇచ్చేస్తుంది. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా వచ్చే లెక్కల్లో చాలావాటికి ఈ అలవాటు ఒక్కటి చాలు.

కలం పట్టగానే సూత్రం రాయకండి

ముందు ప్రశ్నని రెండుసార్లు చదివి, ఇచ్చినవి ఒక పక్క, కావలసింది ఒక పక్క రాసుకోవాలి. ఇచ్చిన ప్రతి అంకె పక్కన దాని యూనిట్ ఉండాల్సిందే. కొన్ని అంకెలు ప్రశ్నలో అంకెలుగా కనపడవు, మాటల్లో దాక్కుని ఉంటాయి. "ఆగి ఉన్న లారీ కదిలింది" అంటే తొలి వేగం సున్నా. "బ్రేకు వేయగా ఆగింది" అంటే తుది వేగం సున్నా. "పై నుంచి జారవిడిచారు" అంటే తొలి వేగం సున్నా, త్వరణం 9.8 మీ./సె². "సమవేగంతో" అంటే త్వరణం సున్నా. లెక్క రాలేదని చెప్పే పిల్లల కాగితం చూస్తే, సగం మంది ఈ సున్నాలు రాసుకోకపోవడం వల్లే ఆగిపోయి ఉంటారు.

ఆ తర్వాతే మార్పిడి. అన్నిటినీ ఒకే పద్ధతిలోకి, మామూలుగా మీటరు, కిలోగ్రాము, సెకనుల్లోకి, సూత్రంలో పెట్టకముందే మార్చుకోండి. మధ్యలో మారుద్దాంలే అనుకుంటే మర్చిపోతారు.

యూనిట్ మార్చడమంటే ఒకటితో గుణించడం

1 కి.మీ. అన్నా 1000 మీ. అన్నా ఒకటే దూరం కదా. అలాంటప్పుడు 1000 మీ. ÷ 1 కి.మీ. అనే భిన్నం విలువ ఒకటి. దేన్నయినా ఒకటితో గుణిస్తే దాని విలువ మారదు, రూపం మాత్రం మారుతుంది. మార్పిడి అంతా దీని మీదే నడుస్తుంది. గంటకి 72 కిలోమీటర్లను మారుద్దాం:

72 కి.మీ./గం. × (1000 మీ. ÷ 1 కి.మీ.) × (1 గం. ÷ 3600 సె.)

పైన ఉన్న కి.మీ.ని కింద ఉన్న కి.మీ. కొట్టేస్తుంది, కింద ఉన్న గంటని పైన ఉన్న గంట కొట్టేస్తుంది. మిగిలింది మీ./సె. అంకె 72 × 1000 ÷ 3600 = 20. జవాబు 20 మీ./సె.

బడిలో చెప్పే 5/18 సూత్రం ఇదే, 1000/3600ని కుదిస్తే వచ్చింది. అది కంఠతా వస్తే మంచిదే. కానీ పరీక్ష హాల్లో 5/18తో గుణించాలా, 18/5తోనా అని అనుమానం వస్తే పై వరుస రాయండి. భిన్నాన్ని తలకిందులుగా రాస్తే కి.మీ. కొట్టుకుపోదు, కి.మీ² అయి కూర్చుంటుంది. అది చూడగానే తిరగేసి రాసుకోవచ్చు.

మార్పిడిలో పొరపాటు ఎంత దూరం వెళ్తుందో చెప్పే సంఘటన ఒకటుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్తూ గాల్లో ఉండగానే ఇంధనం అయిపోయింది. లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు లీటరుకి 0.8 కిలోగ్రాములు అని వేయాల్సిన చోట 1.77 వేశారు. 1.77 అన్నది లీటరుకి పౌండ్ల లెక్క. దాంతో కావలసిన ఇంధనంలో సగం కూడా లేకుండా విమానం బయలుదేరింది. పైలట్లు ఇంజన్లు లేకుండానే దాన్ని గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దింపారు, అందరూ బతికి బయటపడ్డారు. ఆ 1.77 పక్కన "పౌండు/లీటరు" అని రాసి కొట్టివేతలు చేసుంటే, చివర కిలోగ్రాముల బదులు పౌండ్లు మిగిలి ఉన్నాయని కాగితమే చెప్పేది.

చదరం, ఘనం ఉన్నచోట ఆగి చూసుకోండి

మీటరుకి 100 సెంటీమీటర్లు. చదరపు మీటరుకి 100 చదరపు సెంటీమీటర్లు కాదు, 10,000. ఘనపు మీటరుకి 10,00,000 ఘనపు సెంటీమీటర్లు. యూనిట్ పైన ఘాతం ఉంటే, మార్పిడి అంకెకి కూడా అదే ఘాతం వేయాలి. ఒక అడుగు సుమారు 0.305 మీటర్లు కదా అని ఘనపుటడుగుని కూడా 0.305 ఘనపు మీటర్లనుకుంటే జవాబు పది రెట్లు పైనే పెరిగిపోతుంది.

మన భూమి కొలతలతో దీన్ని సరిచూసుకోవచ్చు. ఎకరం అంటే 4840 చదరపు గజాలు. గజానికి 3 అడుగులు, కాబట్టి చదరపు గజానికి 9 చదరపుటడుగులు, ఎకరానికి 43,560. ఆ అంకెని 0.3048 వర్గంతో, అంటే 0.0929తో గుణిస్తే సుమారు 4047 చదరపు మీటర్లు వస్తాయి. సెంటు అందులో నూరో వంతు, 40.5 చదరపు మీటర్లు. ఇంట్లో పొలం దస్తావేజు ఉంటే దాన్ని తీసి ఎకరాలు, సెంట్లను చదరపు మీటర్లలోకి మార్చి చూడండి. పుస్తకంలో ఇచ్చే అభ్యాసాల కన్నా ఇది బాగా గుర్తుంటుంది.

ఉష్ణోగ్రత మాత్రం వేరే దారి. సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మార్చాలంటే గుణించకూడదు, 273 కలపాలి.

సూత్రం ఎంచుకోవడం: లేనిదేదో చూడండి

చలనం లెక్కల్లో రాశులు అయిదే: తొలి వేగం, తుది వేగం, త్వరణం, కాలం, దూరం. సూత్రాలు నాలుగు. ఒక్కో సూత్రంలో ఒక్కో రాశి ఉండదు.

తుది వేగం = తొలి వేగం + త్వరణం × కాలం. ఇందులో దూరం లేదు.
దూరం = తొలి వేగం × కాలం + ½ × త్వరణం × కాలం². ఇందులో తుది వేగం లేదు.
తుది వేగం² = తొలి వేగం² + 2 × త్వరణం × దూరం. ఇందులో కాలం లేదు.
దూరం = (తొలి వేగం + తుది వేగం) ÷ 2 × కాలం. ఇందులో త్వరణం లేదు.

ప్రశ్నలో ఇవ్వనిదీ, అడగనిదీ అయిన రాశి ఏదో చూసుకుని, ఆ రాశి లేని సూత్రం తీసుకోండి. త్వరణం మారకుండా ఉన్నప్పుడే ఇవి పనిచేస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఒక లెక్క పూర్తిగా చేద్దాం. కాలవ గట్టు రోడ్డు మీద గంటకి 54 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సుకి గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేయగా 30 మీటర్లలో ఆగింది. త్వరణం ఎంత?

ఇచ్చినవి: తొలి వేగం 54 కి.మీ./గం., అంటే 15 మీ./సె. తుది వేగం 0. దూరం 30 మీ. కావలసింది త్వరణం. కాలం ఇవ్వలేదు, అడగలేదు. కాబట్టి మూడో సూత్రం. అంకెలు వేయకముందే కావలసినదాన్ని ఒక పక్కకి తెచ్చుకోండి:

త్వరణం = (తుది వేగం² − తొలి వేగం²) ÷ (2 × దూరం)
= (0 − 225 మీ²/సె²) ÷ (60 మీ.)
= −3.75 మీ./సె²

మీ² పైన, మీ. కింద, ఒకటి కొట్టుకుపోయి మీ./సె² మిగిలింది. అది త్వరణం యూనిటే. రుణ గుర్తు వేగం తగ్గుతోందని చెబుతుంది, దాన్ని వదిలేయకండి.

54ని మార్చకుండా వేసి ఉంటే 48.6 వచ్చేది. అది గురుత్వ త్వరణానికి దాదాపు అయిదు రెట్లు. అలా ఆగితే బస్సులో జనం సీట్లలో ఉండరు. జవాబు వచ్చాక ఈమాత్రం ఆలోచించడం లెక్కలో భాగమే.

అదే బ్రేకుతో గంటకి 72 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే ఎంత దూరం కావాలి? 20² ÷ (2 × 3.75) = 400 ÷ 7.5 = 53 మీటర్లు. వేగం మూడో వంతు పెరిగింది, ఆగే దూరం దాదాపు రెట్టింపయింది. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు ఉన్న రోడ్ల మీద బండి నడిపే పిల్లలకి ఈ లెక్క తప్పకుండా చేయించాలి. వేగానికి వర్గం ఉండటమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

సూత్రం సరిగ్గా రాసినా, దూరం ఏదో తెలియకపోతే జవాబు తప్పుతుంది. రాజమండ్రి, కొవ్వూరు మధ్య ఆర్చి రైలు బ్రిడ్జి పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. 500 మీటర్ల పొడవున్న రైలు గంటకి 72 కిలోమీటర్ల వేగంతో దాన్ని పూర్తిగా దాటాలంటే, ఇంజను 2700 మీటర్లు వెళ్తే సరిపోదు, చివరి పెట్టె కూడా దాటాలి. దూరం 3200 మీ. కాలం 3200 ÷ 20 = 160 సెకన్లు, అంటే 2 నిమిషాల 40 సెకన్లు. ఇలాంటి లెక్కలకి ముందు చిన్న బొమ్మ గీసుకోండి.

కాలవలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది, ఎందుకంటే అంకెలు ఎవరూ ఇవ్వరు, మనమే కొలుచుకోవాలి. సూత్రం చిన్నది: ప్రవాహం = మధ్యచ్ఛేద వైశాల్యం (కాలవని అడ్డంగా కోస్తే కనపడే వైశాల్యం, ఇక్కడ వెడల్పు × సగటు లోతు) × నీటి వేగం. యూనిట్లు చూడండి, మీ² × మీ./సె. = మీ³/సె. సెకనుకి ఘనపు మీటర్లు.

నేరుగా పారే కాలవ భాగం ఒకటి చూసుకోండి. గట్టు మీద 20 మీటర్లు టేపుతో కొలిచి రెండు చోట్ల పుల్లలు పాతండి. పై పుల్లకి కాస్త ఎగువన వంతెన మీద నుంచి ఎండు కొబ్బరి డొక్క ముక్క కాలవ మధ్యలో పడేలా వేయండి. పై పుల్ల దాటగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి, కింది పుల్ల దగ్గర ఆపండి. గట్టుకి దగ్గరగా వెళ్ళిన ముక్క లెక్కలోకి రాదు, అక్కడ నీరు నెమ్మది. రెండు మూడు సార్లు వేసి సగటు తీయండి. లోతు వంతెన మీద నుంచే పొడవాటి వెదురు గడతో నాలుగైదు చోట్ల చూసి సగటు తీయండి. పిల్లలు నీళ్ళలోకి దిగకూడదు, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 4 అడుగులు, డొక్క 20 మీటర్లు వెళ్ళడానికి 40 సెకన్లు పట్టిందనుకుందాం. పైనీటి వేగం 20 ÷ 40 = 0.5 మీ./సె. అడుగున నేల రాపిడి వల్ల నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, సగటు వేగానికి దీన్ని సుమారు 0.85తో గుణిస్తారు: 0.425 మీ./సె.

ఇప్పుడు తొందరపడి 6 × 4 × 0.425 = 10.2 అని రాస్తే? యూనిట్లు కూడా రాసి చూడండి: మీ. × అడుగు × మీ./సె. కొట్టుకుపోవాల్సింది ఏదీ లేదు, మీ³/సె. రాలేదు. లోతు ఇంకా అడుగుల్లోనే ఉందని ఆ వరుసే చెప్పింది. 4 అడుగులు 1.22 మీటర్లు. వైశాల్యం 6 × 1.22 = 7.32 మీ². ప్రవాహం 7.32 × 0.425 = 3.11 మీ³/సె. దీన్ని 0.0283తో భాగిస్తే సుమారు 110 క్యూసెక్కులు.

అన్నీ అడుగుల్లోనే కొలిస్తే నేరుగా క్యూసెక్కులే వస్తాయి, అదీ తప్పు కాదు. ఒకే లెక్కలో రెండు పద్ధతులు కలవకూడదు, అంతే. ఇంకొకటి, కాలిక్యులేటర్ 109.89 అని చూపించినా 110 అనే రాయండి. వెదురు గడతో కొలిచిన లోతుకి రెండు దశాంశాల నమ్మకం ఇవ్వలేం.

మోటారు, నీళ్ళు, కరెంటు

ఎకరం చేనులో 5 సెంటీమీటర్ల నీరు పెట్టాలి. మోటారు 3 హెచ్‌పీ (హార్స్‌పవర్), సెకనుకి 20 లీటర్లు పోస్తుంది, నీటిని 5 మీటర్ల ఎత్తుకి తోడుతుంది. ఎంతసేపు? ఎన్ని కరెంటు యూనిట్లు?

నీటి పరిమాణం 4047 మీ² × 0.05 మీ. = 202 మీ³, అంటే 2,02,000 లీటర్లు. కాలం 2,02,000 లీ. ÷ 20 లీ./సె. = 10,100 సె. దాన్ని 3600తో భాగిస్తే 2.81 గంటలు. ఇది 2 గంటల 81 నిమిషాలు కాదు. 0.81ని 60తో గుణించాలి, దాదాపు 49 నిమిషాలు.

ఒక హెచ్‌పీ 746 వాట్లు. మూడు హెచ్‌పీ 2238 వాట్లు, అంటే 2.238 కిలోవాట్లు. కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. 2.238 కి.వా. × 2.81 గం. = 6.3 యూనిట్లు. మోటారు లోపల కొంత వేడిగా పోతుంది కాబట్టి మీటరు ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. ఇక్కడ గంటల్ని సెకన్లలోకి మార్చనక్కరలేదు, కావలసిన యూనిట్‌లోనే గంట ఉంది.

నీటిని పైకెత్తడానికి నిజంగా కావలసిన శక్తి ఎంత? ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు = 2,02,000 కి.గ్రా. × 9.8 మీ./సె² × 5 మీ. = దాదాపు 99 లక్షల జౌళ్ళు. ఒక కిలోవాట్ గంట 36 లక్షల జౌళ్ళు. 99 ÷ 36 = 2.75 యూనిట్లు. అంటే మోటారు ఇచ్చిన 6.3లో నీటికి చేరింది 44 శాతం. మిగతాది పంపులో, పైపు రాపిడిలో, బయటికి దూకే నీటి వేగంలో పోయింది.

బస్తా లెక్క చిన్నది. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు. అది ద్రవ్యరాశి. బలం అడిగితే 9.8తో గుణించాలి, 735 న్యూటన్లు. లారీ మీదకి 1.5 మీటర్లు ఎత్తితే పని 1102 జౌళ్ళు. మూడు సెకన్లలో ఎత్తితే సామర్థ్యం 367 వాట్లు, దాదాపు అర హెచ్‌పీ. జట్టు కూలీలు రోజంతా చేసే పని ఎంతటిదో ఈ అంకెలో కనపడుతుంది.

సూత్రం మర్చిపోతే

15 మీటర్ల చెట్టు మీద నుంచి కొబ్బరికాయ రాలింది. ఎంతసేపటికి నేల తాకుతుంది? సూత్రం గుర్తు రావడం లేదు. మన దగ్గర ఉన్నవి ఎత్తు (మీ.), గురుత్వ త్వరణం (మీ./సె²). కావలసింది సెకన్లు. ఎత్తుని త్వరణంతో భాగిస్తే మీటరు కొట్టుకుపోయి సె² మిగులుతుంది. వర్గమూలం తీస్తే సెకను. కాబట్టి సూత్రం √(ఎత్తు ÷ గురుత్వ త్వరణం) రూపంలోనే ఉండాలి. ముందర ఉన్న 2ని మాత్రం యూనిట్లు చెప్పలేవు, ఎందుకంటే 2కి యూనిట్ లేదు. అసలు సూత్రం √(2 × ఎత్తు ÷ గురుత్వ త్వరణం). √(30 ÷ 9.8) = 1.75 సెకన్లు. నేల తాకే వేగం 9.8 × 1.75 = 17.15 మీ./సె., 18/5తో గుణిస్తే గంటకి దాదాపు 62 కిలోమీటర్లు. దింపు తీసేటప్పుడు చెట్టు కింద ఎందుకు నిలబడనివ్వరో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇంటర్‌లో చెప్పే మితుల పద్ధతి ఇదే. సూత్రంలోని స్థిరాంకాన్ని, గుర్తుని అది పట్టుకోలేదు, మిగతా తప్పుల్లో చాలావాటిని పట్టుకుంటుంది.

చేసి చూడండి

1. రొయ్యల చెరువులో 2 హెచ్‌పీ ఏరేటర్ రాత్రి 10 గంటలు తిరిగింది. ఎన్ని కరెంటు యూనిట్లు?
2. అయిదడుగుల లోతున్న మంచినీటి చెరువు అడుగున నీటి వల్ల కలిగే పీడనం ఎంత? సూత్రం: సాంద్రత × గురుత్వ త్వరణం × లోతు. నీటి సాంద్రత 1000 కి.గ్రా./మీ³.
3. గంటకి 18 కిలోమీటర్ల వేగంతో సైకిల్ మీద వెళ్ళే అమ్మాయికి 1.5 కిలోమీటర్ల దూరంలోని బడికి ఎంతసేపు పడుతుంది?

జవాబులు: మొదటిది 1.492 కి.వా. × 10 గం. = 14.9 యూనిట్లు. రెండోది 1000 × 9.8 × 1.524 = సుమారు 14,900 పాస్కల్‌లు. మూడోది 1500 మీ. ÷ 5 మీ./సె. = 300 సెకన్లు, 5 నిమిషాలు. రెండోదానికి 49,000 వచ్చినవాళ్ళు లోతుని అడుగుల్లోనే వదిలేశారు. ఆ వరుసలో యూనిట్లు రాసి, మళ్ళీ ఒకసారి చేయండి.